బూదావు మెడలో గడియారం

1952 ఏప్రిల్ 3

మధ్యాహ్నం జీపు వచ్చింది. పశువుల డాక్టరు పుల్లయ్య గారు, డ్రైవరు, ఆరు డబ్బాలు. ఒక్కో డబ్బా అరచేతిలో పట్టేంత. లోపల గడియారపు యంత్రం, దాని ముందు మైనం పూసిన గుండ్రటి కాగితం, కాగితానికి ఆనుకొని బరువు కట్టిన సూది. డబ్బాను గొడ్డు మెడకు కట్టాలి. అది తల వంచి గడ్డి పీకితే సూది అదిరి కాగితం మీద దట్టంగా గీస్తుంది. ఊరికే నిలబడితే సన్నటి గీత. కాగితం అంచున గంటలు అచ్చు వేసి ఉన్నాయి. గొడ్డు ఎప్పుడు మేసిందో, ఎంతసేపు మేసిందో పక్కన మనిషి లేకపోయినా తెలిసిపోతుంది.

ఒక డబ్బా విప్పి మళ్లీ బిగించి చూపించమన్నారు. చూపించాను. "యాడ నేర్చుకున్నావప్పా?" అని అడిగారు. మగ్గం బాగుచేసుకుంటూ చెయ్యి తిరిగిందని, ఊళ్లో గోడగడియారాలు కూడా నేనే చూస్తానని చెప్పాను. నూలు లేక మగ్గం ఆగిపోయిన సంగతి చెప్పలేదు. పని నాకే ఇచ్చారు. రోజూ తెల్లవారగానే కాగితాలు మార్చాలి, చావి తిప్పాలి, మేసిన సేపు లెక్కగట్టి రాయాలి. జీతం జిల్లా ఆఫీసు నుంచి వస్తుందట.

మా కోసిగి తట్టు బీళ్లలో గొడ్లకు మేత ఉన్నదో లేదో తేలితే గవర్నమెంటు గడ్డి ఎక్కడికి పంపాలో తెలుస్తుందని అన్నారు. ఒక షరతు. ఈ ఆరింటికి ఇంటి దగ్గర ఏమీ పెట్టకూడదు. కొట్టం కప్పు మీది బోద గడ్డి పీకి వేయకూడదు, కుడితి పోయకూడదు. పెడితే లెక్క చెడుతుంది.

ఆరింటిలో వదిన ఆవు ఒకటి, బూడిద రంగుది, బూదావు అంటాము. దాన్ని కూడా రాసుకొమ్మని నేనే చెప్పాను. వదినను ఇంకా అడగలేదు.

ఏప్రిల్ 4

ఆరింటికీ కట్టాము. సగం ఊరు చుట్టూ చేరింది. ఉరుకుందమ్మ తన ఎద్దుకు నేను కడుతుంటే, "మా ఎద్దేమైనా రైలుకు పోవల్లనా కంబన్నా, గడియారం కడతాండావు?" అన్నది. అందరూ నవ్వారు. గొడ్లు కాసే రంగన్న నవ్వలేదు. మెడగంటలు తీసేయాలని నేను చెప్పినందుకు. గంట ఊగితే సూది కూడా ఊగుతుంది.

"గంట తీస్తే గొడ్డు యాడుండాదో నాకెట్ల తెలియాలప్పా? నా చెవులే నాకు కండ్లు," అన్నాడు.

డాక్టరు గారు ఒక నలభై రోజులు ఓర్చుకోమన్నారు.

వదిన బూదావు గంట తానే విప్పింది. పుట్టింటి నుంచి ఆవుతో పాటు వచ్చిన ఇత్తడి గంట. కొంగుతో తుడిచి లోపల పెట్టింది. "ఇంటికాడ పెట్టగూడదంటే ఎట్లప్పా? చూడి ఆవు కదా," అన్నది.

"కాగితంలో తెలుస్తాది వదినా. మేత చాలకపోతే ముందు మనకే తెలుస్తాది," అన్నాను.

ఆ మాటకు సరేనన్నది.

ఏప్రిల్ 5

మొదటి కాగితాలు. బూదావుది ఉదయం కొంచెం, మధ్యాహ్నం చెట్టు కింద సన్నటి గీత, పొద్దు వాలినాక మళ్లీ కొంచెం. అన్నింటికన్నా ఉరుకుందమ్మ ఎద్దుది పలచన. సూది గీసినది చూస్తే మగ్గం మీద పోగు నడిచినట్లే ఉంది. చాలా రోజుల తర్వాత చేతికి పని దొరికింది.

ఏప్రిల్ 9

సాయంత్రం కరువు కోసం పెట్టిన గంజి కేంద్రానికి పోయాను. వరసలో కూర్చొని తాగాను. వదిన తన వంతు చెంబులో పోయించుకొని ఇంటికి తీసుకుపోయింది. మగవాళ్ల ముందు వరసలో కూర్చోవడం అన్న ఉన్నప్పటి నుంచీ ఆమెకు చేతకాదు. తిన్నావా వదినా అని మా రెండిళ్ల మధ్య గోడ ఇవతల నుంచి అడిగాను. తిన్నానన్నది.

ఏప్రిల్ 12

ఉరుకుందమ్మ వాళ్లు తుంగభద్ర డ్యాం పనికి పోతున్నారట. హోస్పేట దగ్గర మట్టి మోసే పని ఎంతమందికైనా ఉందట. పది ఇళ్లవాళ్లు బయలుదేరుతున్నారు. వదిన కూడా పోతానంటున్నది. సాయంత్రం నా వాకిట్లోకి వచ్చి నిలబడి చెప్పింది.

"ఆవును ఖాసీం సాయిబుకు ఇచ్చేస్తా. ఆదోని సంతకు పోతా పోతా మొన్న ఈడ నిలబడి చూసినాడు. చూడి ఆవు, ఇప్పుడైతే మంచి ధర ఇస్తానన్నాడు. తుంగభద్ర ఒడ్డుకు తోలుకపోతాడంట. ఆడ పచ్చిక ఉండాదంట."

"ఈనిందంటే పాలుంటాయి. డ్యాం పనికి పోయే పనే ఉండదు," అన్నాను.

"ఈనేదాక బతకల్ల కదప్పా."

నేను లోపలికి పోయి ఆ రోజు కాగితం తెచ్చి చూపించాను. మొదటి రోజు కంటే దట్టం. ఇదీ మేత, ఇదీ మేత అని వేలు పెట్టి చూపించాను. ఆమెకు చదువు రాదు గాని గీత దట్టమో పలచనో తెలుస్తుంది కదా. చాలాసేపు చూసింది.

"నిజంగా మేస్తాందా?"

"యంత్రానికి అబద్ధమాడే పనేముంది వదినా?"

ఉరుకుందమ్మ వాళ్లతో పోవడం మానుకున్నది. రెండో జట్టు పోయేటప్పుడు చూద్దామన్నది.

ఆమె మేలు కోరే చెప్పాను. ఆడమనిషి ఒక్కతే, డ్యాం దగ్గర గుడారాల్లో, ఎవరెవరో ఉంటారు.

ఏప్రిల్ 13

ఉరుకుందమ్మ వాళ్లు పొద్దున బండికి పోయారు. ఆమె ఎద్దు మెడలో గడియారం విప్పి తీసుకున్నాను. ఎద్దును ఖాసీం తోలుకుపోయాడు.

ఏప్రిల్ 16

బూదావు కాగితాలు రోజురోజుకూ దట్టమవుతున్నాయి. మిగతా గొడ్లవి పలచబడుతుంటే ఈ ఒక్క ఆవుదే ఇట్లా. మంచి ఆవు. వెతుక్కొని మేసే గుణం.

ఒక సంగతి. రోజూ సాయంత్రం, ఆవు ఇంటికి వచ్చి గుంజకు కట్టేసినాక, ఒక చిన్న మచ్చ పడుతున్నది. ఆ వేళకు మేత ఉండదు. మొదటి వారం లేదు, ఇప్పుడు రోజూ ఉంది. ఆలోచించాను. సాయంత్రం పూట ఈగలు ముసురుతాయి, తల విదిలించుకుంటుంది. ఈగలు అని రాశాను.

రంగన్న దారిలో ఎదురుపడి పోట్లాడాడు. "నీ వదిన ఆవు నా మందలో ఉండేదే లేదు. మద్దేనమైతే యాడికో పోతాండాది, పొద్దు గుంకేటప్పటికి తానే ఇల్లు చేరుతాండాది. గంట ఉంటే నా గడ్డ మీద కూచోనే చెప్తుంటి, ఇది మేస్తాండాది, ఇది నడుస్తాండాది, ఇది నెమరేస్తాండాదని."

"మేసేదానికే పోతాది. కాగితంలో ఉండాది," అన్నాను.

"యాడ మేస్తాదప్పా? ఈ బీట్లో రాయి మేస్తాదా?"

వచ్చేశాను.

ఏప్రిల్ 17

కాగితాలు మార్చాను. వదిన తిన్నానన్నది.

ఏప్రిల్ 22

గంజి కేంద్రంలో గరిటె పట్టేది సుబ్బక్క. మా వీధి ఆమే. వదినకు పోసేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, "ఏం హంపక్కా, చెంబు పెద్దదయ్యిందా, నువ్వు చిన్నదానివయ్యావా?" అన్నది. వదిన నవ్వి, "పొయ్యవమ్మా తల్లీ, నీ సొమ్మేం పోతాది," అన్నది. వెనక ఉన్నవాళ్లు తొందరపెట్టారు.

అంతకుముందు, మధ్యాహ్నం బావి నుంచి వస్తూ వదిన కడవ దించి గోడ పట్టుకొని నిలబడింది. నేను వాకిట్లోనే ఉన్నాను. పోయి కడవ అందుకున్నాను. ఎండ దెబ్బ. తలకు తడిగుడ్డ వేసుకోమన్నాను.

జీతం ఇంకా రాలేదు.

ఏప్రిల్ 27

బూదావు కాగితం ఈ రోజు అన్నింటికన్నా దట్టంగా ఉంది. పగలు సగానికి పైగా నల్లగా నిండిపోయింది. డాక్టరు గారికి పంపేటప్పుడు ఇది పైన పెట్టాలి.

కాగితం మార్చేటప్పుడు పక్కటెముకలు చేతికి తగిలాయి. చూడి ఆవుకు కడుపు కిందికి జారితే పైన ఎముకలు తేలుతాయి. ఎండాకాలం అన్ని గొడ్లూ ఇట్లానే ఉంటాయి.

వదిన, "మేసే ఆవు ఇట్లుంటాదా అప్పా?" అని అడిగింది. ఈ మాటే చెప్పాను.

సాయంత్రం మచ్చ ఉంది. ఈగలు.

ఏప్రిల్ 30

రెండో జట్టు వచ్చే నెల మధ్యలో పోతుందట. వదిన నాతో అనలేదు. సుబ్బక్క చెప్పింది.

మే 2

ఈ రోజు ఆవు వెంట పోయాను. ఎందుకు పోవాలనిపించిందో రాయను. కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం నా పని కాబట్టి పోయాను.

మధ్యాహ్నం దాకా మందలోనే ఉంది. మేయడానికి అక్కడ ఏమీ లేదు. రంగన్న చెప్పింది నిజం. గొడ్లు నేలకు మూతులు ఆనించి నడుస్తున్నాయి, అంతే. రంగన్న చెట్టు కింద వాలినాక బూదావు విడిపోయింది. వంక దాటింది. నిదానంగా, దారి తెలిసినట్లు నడిచింది. నేను దూరంగా నడిచాను. స్టేషను వైపు పోయింది.

గూడ్సు షెడ్డు వెనక బొక్కల దిబ్బ ఉంది. చచ్చిన గొడ్ల ఎముకలు ఊరూరి నుంచి బండ్ల మీద తెచ్చి పోస్తారు, వ్యాగన్లలో ఎక్కిస్తారు. ఈ ఏడు దిబ్బ షెడ్డు కప్పు ఎత్తున ఉంది. వాసనకు ఎవరూ ఆ పక్కకు పోరు. ఆవు పోయి దాని పక్కన నిలబడి, ఒక కాలి బొక్క నోటితో తీసుకొని నమలసాగింది. తల వంచి, పక్కకు వంచి, మళ్లీ వంచి. దవడ ఆడుతున్నది. బొక్క పండ్ల కింద కరకరమన్నది. నురుగు కారుతున్నది. ఒకటి జారిపోతే ఇంకొకటి తీసుకున్నది.

మెడలో గడియారం టిక్కుటిక్కుమంటూ ఉన్నది. సూది గీస్తూ ఉంటుంది.

దగ్గరికి పోయి అదిలించాను. తోలాను. నాలుగడుగులు వేసి మళ్లీ తిరిగింది. రాయి విసిరాను. తగిలింది. అప్పుడు ఇంటిదారి పట్టింది.

వదిన వాకిట్లో ఎదురు నిలబడి, "బాగా మేసినావా?" అని ఆవును అడిగింది. నన్ను కాదు.

మే 3

ఉప్పు చాలక గొడ్లు బొక్కలు నాకుతాయని చిన్నప్పుడు విన్నాను. ఉప్పు పెడితే మానుతుంది. కొంచెం ఉప్పు సంపాదించి తెల్లవారుజామున దానికి నాకించాను. ఇంటి దగ్గర ఏమీ పెట్టకూడదన్నారు గాని ఉప్పు మేత కాదు.

వదినకు చెప్పలేదు. ఉప్పుతో మానిపోయే దానికి చెప్పి భయపెట్టడం దేనికి?

రంగన్నకు మటుకు ఆ పక్కకు పోనివ్వవద్దని చెప్పాను. "గంట కట్టు, చూసుకుంటా," అన్నాడు.

గంట కట్టలేదు. ఇంక పది రోజులే కదా.

మే 4

ఉప్పు పెట్టాను.

మే 6

ఖాసీం సాయిబు వచ్చాడు. చూడి ఆవులు మూడు అప్పటికే తోలుకొస్తున్నాడు. వదిన బూదావును విప్పి వాకిట్లోకి తెచ్చింది. నేను అరుగు మీద కూర్చొని డబ్బాకు నూనె వేస్తున్నాను.

ఖాసీం ఆవు చుట్టూ తిరిగాడు. వీపు మీద చెయ్యి వేసి నొక్కాడు, కన్నుల రెప్పలు ఎత్తి చూశాడు. "శానా చిక్కిపోయింది హంపమ్మా. అప్పుడు చెప్పిన ధర ఇయ్యలేను. అయినా తీసుకుంటా. నాలుగు దినాల్లో నీళ్ల ఒడ్డుకు చేరుస్తా. పచ్చిక కనపడితే తేరుకుంటాది. ఇంకా ఆలస్యమైతే నేనూ ముట్టను, దేవుడి సాక్షి."

వదిన ఆవు గంగడోలు నిమురుతూ నిలబడింది. తర్వాత నా వైపు తిరిగింది. అన్న పోయినాక ఇంత నేరుగా ఆమె నా ముఖం చూడడం ఇదే మొదటిసారి.

"కంబన్నా, నాకు దిక్కు నువ్వే. నీ నోటితో చెప్పు. ఇది మేస్తాందా, లేదా?"

ఖాసీం కూడా నా వైపు చూశాడు.

"మేస్తాండాది," అన్నాను.

"కాగితంలో ఉండాదా?"

"ఉండాది."

అది అబద్ధం కాదు. కాగితంలో ఉంది.

వదిన తాడు మళ్లీ గుంజకు కట్టింది. "పోయి రా సాయిబూ. ఇది ఈడనే ఈనుతాది," అన్నది. ఖాసీం తలపాగా సర్దుకొని, "గడియారం చూసి గొడ్డును కొనే కాలం వచ్చింది. నాకు కండ్లు తప్ప ఏం లేవమ్మా," అని తన ఆవులను తోలుకొని పోయాడు.

వదిన ఇక రెండో జట్టు మాట ఎత్తదు.

మే 7

ఉప్పు పెట్టాను. కాగితం కొంచెం పలచబడింది. మానుతున్నది.

మే 9

ఇంకా పలచబడింది. సాయంత్రం మచ్చ ఉంది. వదిన తిన్నానన్నది.

మే 11

నడుస్తూ వెనక కాళ్లు మడత పడుతున్నాయి. వంక దగ్గర పడిపోతే రంగన్న, ఇంకొకరు కలిసి లేపి ఇంటికి తెచ్చారు. రంగన్న తాడు నా చేతిలో పెట్టి మంద వైపు పోయాడు. తిట్టినా బాగుండేది.

డాక్టరు గారికి స్టేషను నుంచి తంతి కొట్టించాను.

మే 12

దవడ పడిపోయింది. నీళ్లు పెడితే మూతి ముంచుతుంది, మింగలేదు. నాలుక బయటికి వేలాడుతున్నది. నేను నాలుక లోపలికి పెడితే మళ్లీ జారింది. కళ్లు మాత్రం మామూలుగా ఉన్నాయి. అటూ ఇటూ చూస్తున్నది.

వదిన పొద్దంతా దాని తల ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. గంజి చేత్తో తీసి దాని నాలుక మీద వేస్తున్నది. పక్క నుంచి కారిపోతున్నది. ఇంటి దగ్గర ఏమీ పెట్టకూడదని ఇక నేను చెప్పలేదు.

"ఏం తినిందప్పా ఇది? ఇట్ల కావాలంటే ఏం తినింటాది?" అని అడిగింది.

బొక్కల దిబ్బ సంగతి అప్పుడు చెప్పాను. ఎప్పుడు చూశావని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. దాని ముఖం మీద ఈగలు తోలుతూ కూర్చున్నది.

మే 13

తెల్లవారేసరికి పోయింది. దూడ కూడా.

గడియారం విప్పాను. ఇంకా నడుస్తున్నది. కాగితం మీద నిన్నటి గీత మొదటి నుంచి చివరి దాకా సన్నగా, వెంట్రుక లాగా ఉంది. మగ్గం మీద ఇంత సరైన పోగు నేనెప్పుడూ తీయలేదు.

మే 14

తోలు తీసేవాళ్లు వచ్చి తీసుకుపోయారు. తోలు వాళ్లది, మోసినందుకు. మిగిలినది ఎక్కడికి పోతుందో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. వదిన వెనక్కు తిరిగి నిలబడింది.

మే 16

డాక్టరు గారు వచ్చారు. తంతి ఆలస్యంగా అందిందట. జరిగింది చెప్పాను, బొక్కల సంగతితో సహా. తల పట్టుకున్నారు. మంచి మనిషి. ఈ నేలలో బలం చాలనప్పుడు, అందులోనూ చూడి ఆవులు, బొక్కల కోసం అలమటిస్తాయట. కుళ్లిన బొక్కల్లో ఉండే విషానికి దవడ, కాళ్లు పడిపోతాయట. "నమిలేదానికీ మేసేదానికీ ఈ సూదికి తేడా తెలీదు. అది నేను ముందే అనుకోవాల్సింది. తప్పు నాదే కంబన్నా," అన్నారు. నాతో ఎవరూ అట్లా అనకుండా ఉంటే బాగుండు.

మా అరుగు మీద కూర్చొని బూదావు కాగితాలన్నీ వరసగా పరచుకొని చూశారు. వదిన గోడ అవతల చాట ఆడిస్తున్నది. చాటలో ఏముందో తెలియదు.

"సాయంత్రం పూట ఇదేందప్పా? ఈ మచ్చ?"

"ఈగలు సార్. తల విదిలిస్తాది."

కాగితం వెలుగుకు పట్టి చూశారు. "ఈగలు కాదే. విదిలిస్తే చెదిరినట్ల పడతాది గీత. ఇది ఒకే తీరుగా ఉండాది, తల కిందకి పెట్టి తాగినట్ల. దేంట్లోనో మూతి పెట్టి అడుగంటా నాకినట్ల. రోజూ ఇదే వేళకి. ఇంటి కాడ ఏమన్నా పెట్టినారా?"

గోడ అవతల చాట ఆగింది.

"లేదు సార్," అన్నాను.

ఆయన ఇంకా ఏదో అడిగారు. మచ్చ పడే ఆ వేళ, సాయంత్రం, గంజి కేంద్రం నుంచి వదిన చెంబు పట్టుకొని ఇల్లు చేరే వేళ. వరసలో కూర్చోకుండా ఇంటికి తెచ్చుకొనేది. నేను గోడ ఇవతల నుంచి అడిగేవాణ్ణి. తిన్నానన్నది. తిన్నానన్నది. నేను రాసుకున్నాను కూడా.

డాక్టరు గారు పోయినాక కాగితాలన్నీ మళ్లీ చూశాను. మొదటి వారం మచ్చ లేదు. ఉరుకుందమ్మ వాళ్లతో పోకుండా ఆగినాక మొదలైంది. ఆ తర్వాత ఒక్క రోజు కూడా తప్పలేదు. కడవ దించి గోడ పట్టుకున్న రోజు కూడా ఉంది. ఖాసీంను పంపించిన రోజు కూడా ఉంది. నాలుక జారిన రోజు ఒక్కటే లేదు. ఆ రోజు ఆవు తినలేదు. ఆమె తినిందో లేదో కాగితంలో ఉండదు.

పొద్దు గుంకేటప్పుడు వదిన వాకిట్లోకి పోయాను. ఖాళీ గుంజ దగ్గర నేల చిమ్ముతున్నది. నన్ను చూసి చీపురు ఆపింది.

"గంజి పెడితే లెక్క చెడుతాదంటివి. నీ పని పోతాదని చెప్పలేదు," అన్నది.

"నువ్వేం తిన్నావు వదినా, ఇన్ని దినాలు?"

"ఏదో ఒకటి. ఆకో అలమో. సుబ్బక్క ఒకోసారి పిలిచి ఇంత పెట్టింది." మళ్లీ చిమ్మసాగింది. చిమ్ముతూనే, కోపం లేకుండా, పొరుగింటి సంగతి చెప్పినట్లు అన్నది: "గొడ్డు మెడకు కట్టినావు గదప్పా ఆ యంత్రం. నా మెడకు కట్టింటే తెలుస్తుండె."

ఇంటికి వచ్చి ఈ పుస్తకం మొదటి నుంచి తిరగేశాను.

ఆమె మేలు కోరే చెప్పాను అని పైన ఎక్కడో రాశాను. చూశాను, ఉంది. కొట్టివేయలేదు. పక్కన ఇంకేమీ రాయలేదు.

మే 17

రెండో జట్టు రేపు పోతుంది. వదిన మూట కట్టుకున్నది. ఉన్నవి రెండు కోకలు, ఒక చెంబు. ఇత్తడి గంట నా అరుగు మీద పెట్టి, "దీంతో నాకేం పని," అన్నది. పోవద్దని చెప్పడానికి నాకిప్పుడు ఏ కాగితమూ లేదు.

జీతం రాలేదు.

గంట తీసుకొని సుబ్బక్క ఇంటికి పోయాను. ఆమె ఇంట్లో ఇంకా జొన్నలున్నాయని తెలుసు. రెండు రొట్టెలు కావాలన్నాను. గంట వద్దన్నది. "నీకు కాదు కదప్పా, నాకు తెలీదా," అన్నది. గంట ఆమె గడప మీద పెట్టి వచ్చాను.

మే 18

తెల్లవారుజామునే స్టేషనుకు పోయాము. జట్టువాళ్లు అప్పటికే మూటల మీద కూర్చొని ఉన్నారు. గూడ్సు షెడ్డు పక్కన వ్యాగన్లలో బొక్కలు ఎక్కిస్తున్నారు. పారలతో ఎత్తి పోస్తుంటే ఆ చప్పుడు ప్లాట్‌ఫారం దాకా వినిపిస్తున్నది. వదిన అటు చూడలేదు. నేనూ చూడలేదు.

రొట్టెలు చేతిలో పెట్టాను. విప్పి చూసింది. "యాడివి?" అని అడగలేదు. మడిచి మూటలో దోపుకొన్నది.

"తిను వదినా."

"బండి కదిలినాక తింటాలే."

బండి వచ్చింది. ఎక్కించాను. నేనూ ఎక్కాను. "నువ్వెందుకప్పా?" అన్నది. పక్క స్టేషను కుప్పగల్లు దాకా టిక్కెట్టు తీసుకున్నానని చెప్పాను. అక్కడ పనేముందని అడిగింది. ఉంది అన్నాను. జట్టులో ఒకామె పక్కామెను మోచేత్తో పొడిచింది.

ఎదురు బల్ల మీద కూర్చున్నాను. బండి కదిలింది. వంక దాటింది, రంగన్న మందను విడిచే బీడు దాటింది. వదిన మూట ఒడిలో పెట్టుకొని కిటికీలోంచి చూస్తున్నది.

"కదిలింది వదినా," అన్నాను.

నా వైపు చూసింది. మూట విప్పి రొట్టె తీసింది. చిన్న తుంట తుంచి నోట్లో పెట్టుకున్నది. చాలాసేపు నమిలింది. దవడ మెల్లగా ఆడుతున్నది, గొంతు కదిలింది. ఇంకొక తుంట. మధ్యలో ఒకసారి కళ్లు మూసుకొని ఆగింది. నీళ్లు అందించాను. మళ్లీ తిన్నది. నేను కిటికీ వైపు తిరగలేదు. ఇంత దగ్గర కూర్చొని, ఇంతసేపు ఆమెను ఎప్పుడూ చూడలేదు.

మొదటి రొట్టె అయిపోయింది. రెండోది సగానికి విరిచి, ఒక సగం నా వైపు చాచింది.

"నువ్వు తిన్నావా?" అన్నది.

తిన్నానన్నాను.